నొక్కిందెవరో చెప్పను

ఇంత బతుకూ బతికి ఇప్పుడు చాడీలు చెప్పే పనికి దిగాలా తను, అదీ ఈ వయసులో, అదీ డైరెక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఫలానావాళ్ళే సార్ నొక్కింది అని, ఛీ, అనుకుంటూ ఆమె తన గది తలుపు లాగి మెట్లు దిగుతోంది, కింద హాలంతా ప్లాస్టరు పొడి వాసన, మూలనున్న మిషను తెల్లటి బిళ్ళలోంచి పళ్ళు చెక్కుతున్న కీచురొద, వినేవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది కానీ ఆమెకు మాత్రం ఆ రొద చెవికింపు, అది మోగుతోందంటే కంప్యూటర్లు బతికున్నట్టే, నిన్న పొద్దున అది ఠక్కున ఆగినప్పుడు హాల్లో అందరి పైప్రాణాలూ పైనే పోయాయి, ఆపింది తనే, పరుగెత్తుకొచ్చి మెయిన్ పెట్టెలో కంప్యూటర్లను కలిపే వైర్లన్నీ పీకిపారేసింది తనే, లేకపోతే ఈపాటికి మిషనూ లేదు మోతా లేదు, అందరూ కలిసి దొంగల కాళ్ళు పట్టుకుని కూర్చునేవాళ్ళు, కట్టుడు పళ్ళు చేసే కంపెనీకి కంప్యూటర్ల కాపలా ఏమిటే తల్లీ, పళ్ళకు తాళాలేస్తావా అని ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అత్తగారు బుగ్గలు నొక్కుకునేది, ఇప్పుడు పళ్ళ డాక్టర్లు చాలామంది అచ్చులు తీసి పంపరు అత్తయ్యా, చిన్న కెమెరాతో నోరంతా బొమ్మ తీసి మెయిల్లో పంపుతారు, ఆ బొమ్మను బట్టే మిషను పన్ను చెక్కుతుంది, ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు ఆ మెయిల్లోంచే లోపలికి దూరి, మన బొమ్మలన్నిటికీ వాడి తాళం వేసేసి, తాళంచెవి కావాలా, అయితే డబ్బు పారెయ్యండి అంటే, బోసినోళ్ళతో ఎదురుచూసేవాళ్ళ గతేమిటి చెప్పండి అంటే, ఆవిడ అంతా శ్రద్ధగా విని, అయితే మరి నీ జీతం పెంచమను అంది, గడుసు ముసలమ్మ, ఆవిడ మాట అటుంచితే ఈ డైరెక్టరుకు ఏం పుట్టింది, దొంగలు రావడమైతే వచ్చారు, గుమ్మంలోనే వాళ్ళ మొహాన తలుపేసింది తను, ఆర్డర్ల బల్ల మీది కంప్యూటరూ దాని పక్కదీ తప్ప ఏదీ పోలేదు, దానికి శభాష్ అనడం మానేసి, ఆ మెయిలు తెరిచిందెవరో రేపు భోజనాల వేళలోపు పేరు చెప్పండి, చెప్పకపోతే మీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు అంటాడా.

ఆర్డర్ల బల్ల దగ్గర నలుగురు పనిచేస్తారు, వచ్చిన మెయిలు ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళు తెరుస్తారు, నిన్న పొద్దున టీ వేళ హడావిడిలో ఆ కుర్చీలో ఎవరున్నారో ఎవరూ గమనించలేదు, తెరిచిన చెయ్యి ఎవరిదో ఆమెకు తప్ప ఈ భవనంలో నరమానవుడికి తెలియదు, ఆ చెయ్యి, ఖర్మ కాకపోతే, సాక్షాత్తూ ఆమె తోటికోడలిది, మరిది భార్యది, ఒకే ఇంట్లో పైవాటా కిందివాటా, ఇద్దరికీ ఉప్పూ నిప్పూ, ఎక్కడ మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు గానీ చివరికి పిల్లల చేత కబుర్లు పంపుకునే దాకా వచ్చింది, కంప్యూటర్లకు తాళాలేసే మహాతల్లి తన నోటికి మాత్రం తాళం వేసుకోదమ్మా అని మేడ మీద నుంచి వినపడేట్టు అన్న మనిషి, ఆ మనిషే నిన్న పొద్దున ఫోన్ చేసి, అక్కా, నేనేదో నొక్కాను, ఫైళ్ళ పేర్లన్నీ వాటంతటవే మారిపోతున్నాయి అంది, అక్కా అన్న పిలుపు ఆ గొంతులో విని ఎన్నాళ్ళయిందో, ఒక్క క్షణం ఎవరో కూడా తెలియలేదు, తెలిసీ తెలియగానే వైరు పీకెయ్ అని అరిచింది, ఏ వైరు, నీలం వైరు, నీలంవి చాలా ఉన్నాయక్కా, అన్నీ పీకెయ్యవే తల్లీ, అన్నీ పీకెయ్, పీకేసింది, ఆ బల్లవీ పక్క బల్లవీ కూడా పీకేసింది, ఈమె మెట్లు దూకుతూ వచ్చేసరికి ఒళ్ళో వైర్లు పెట్టుకుని నేల మీద కూలబడి ఉంది, ఏం తెరిచావు అంటే వేలు పెట్టి చూపించింది, కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నారు, దయచేసి వెంటనే చూడండి, అంతే ఉంది మెయిల్లో, ఇంకేం కావాలి, ఈ కంపెనీలో ఆ ఒక్క మాట చాలు, ఆ మాట వచ్చిందంటే టీ తాగేవాడు టీ వదిలేస్తాడు, ఫోన్లో పెళ్ళాంతో పోట్లాడేవాడు పోట్లాట వదిలేస్తాడు, డాక్టర్లు నిజంగానే అలా రాస్తారు, పన్ను సరిపోక పేషెంటు కుర్చీలో ఇరుక్కుపోయినప్పుడు, అలా రాస్తే ముందు తెరవాలి, తర్వాతే ఆలోచించాలి అని చేరిన రోజే నేర్పుతారు, కొత్తవాళ్ళకు మొదటి పాఠం అదే, ఆ దొంగవెధవ ఏ డాక్టరు మెయిళ్ళు తవ్వి ఆ మాట ఎత్తుకొచ్చాడో గానీ సరిగ్గా దాన్నే ఎరగా గుచ్చాడు, పని మీద శ్రద్ధ లేనిదైతే ఆ పిల్ల నొక్కేదే కాదు, ఆ కుర్చీలో తనున్నా నొక్కేది, ఎవరున్నా నొక్కేవాళ్ళే.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడమ్మా అన్నాడు నిన్న డైరెక్టరు, ఎవరండీ ఇంటి దొంగ, మోసం చేసినవాడూ మోసపోయినవాడూ ఒకటేనా, జేబు కొట్టేసినవాణ్ణి వదిలేసి జేబున్నవాడి మీద కేసు పెడతారా, పైగా మళ్ళీ ఆ బోర్డు పెట్టిస్తాడట, ఈయనకేం తెలుసు ఆ బోర్డు సంగతి, ఈయనకు ముందున్న డైరెక్టరు హాజరు మిషను పక్కన వేలాడదీశాడు దాన్ని, ఎవరు పిచ్చి మెయిలు తెరిస్తే వాళ్ళ ఫొటో అంటించి కింద ఎర్ర అక్షరాలతో ఈ నెల మన అమాయకులు అని, వచ్చేపోయేవాళ్ళంతా ముసిముసి నవ్వులు, పళ్ళకు రంగు కుదిర్చే పెద్దాయన ఫొటో ఒక నెల అక్కడుంది, ఎంత పనిమంతుడు, నోట్లో మిగిలిన పళ్ళ రంగు చూసి కొత్త పన్నుకు అచ్చంగా అదే పసుపు, అదే మచ్చ దించేవాడు, సాయంత్రం తీసుకెళ్ళడానికొచ్చిన కూతురు ఆ బోర్డు ముందు నిలబడి చదువుకుంది, ఆయన తల దించుకుని ఆ పిల్ల వెనకే నడుచుకుంటూ పోయాడు, ఆ తర్వాత మళ్ళీ ఒక రోజు అలాంటి మెయిలే ఆయన చేతుల్లో తెరుచుకుంది, చెప్పలేదు, తెర ఆర్పేసి, ఏమీ ఎరగనట్టు భోజనానికి వెళ్ళి కూర్చున్నాడు, అన్నం కలిపాడు గానీ ముద్ద మింగలేదని పక్కన కూర్చున్నవాళ్ళు తర్వాత చెప్పారు, ఆయన చెయ్యి కడుక్కునే లోపల దొంగలు గది గదికీ తిరిగి మొత్తం తాళాలేసేశారు, ఆ తర్వాత ఏముంది, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు మీటింగులు, వాళ్ళడిగిన డబ్బు కట్టారు, వద్దు మొర్రో అంటున్నా కట్టారు, కడితే వచ్చిన తాళంచెవి సగం బొమ్మల్ని తెరిచింది, తెరిచినవాటిలో సగం ముక్కలు చెక్కలు, డాక్టర్లు పేషెంట్లను మళ్ళీ పిలిచి, మళ్ళీ నోళ్ళు తెరిపించి, తిట్లు తిన్నారు, ఒక ముసలాయన ఎన్ని వారాలమ్మా నేను గంజి తాగేది అని స్వయంగా ఇక్కడికొచ్చి అడిగాడు, రంగులాయన ఉద్యోగం మానేసి పోతూ పోతూ, చెబుదామనే అనుకున్నానమ్మా, ఆ బోర్డు కళ్ళ ముందు ఆడింది, నోరు పెగల్లేదు అన్నాడు, ఆ సాయంత్రమే ఆమె ఆ బోర్డును మేకుల్తో సహా ఊడబెరికి, మోకాలికేసి విరిచి, ప్లాస్టరు చెత్తలో పారేసింది, కొత్త డైరెక్టరు ఇంకా రాలేదు, పాతాయన బయటికి పోయే హడావిడిలో ఉన్నాడు, అడిగేవాడు లేడు, అందరినీ హాల్లో నిలబెట్టి, చూడండి, నొక్కడం తప్పు కాదు, దాచడం తప్పు, ఎవరు నొక్కినా ఆ క్షణమే నాకు చెప్పండి, మీ పేరు నా గొంతు దాటి బయటికి రాదు అని మాటిచ్చింది, అప్పటి నుంచీ అందరికీ ఆమె తాళాలక్క, పేరు పెట్టింది ప్లాస్టరు గదివాళ్ళు, రోజూ సాయంత్రం అన్ని బొమ్మలకూ నకలు తీసి, ఆ డిస్కును ఏ వైరూ తగలకుండా ఇనప బీరువాలో పెట్టి బీగం వేసుకుని పోతుంది కదా, అందుకని.

చెయ్యి దానంతటదే జేబులో ఫోను తడుముకుంది, మోగలేదు, పొద్దున్నుంచీ మోగనే లేదు, మామూలుగా ఈపాటికి ప్రాణాలు తోడేసేవాళ్ళు, అక్కా, నాకు లాటరీలో కారు తగిలిందట, నొక్కనా, నొక్కకు, అక్కా, బ్యాంకువాళ్ళు నా పుట్టినరోజు అడుగుతున్నారు, చెప్పనా, పుట్టినరోజుకు బ్యాంకువాళ్ళు కేకు తెస్తారా, చెప్పకు, అక్కా, నొక్కేశాను, తిట్టకు, తిట్టను, ఉండు వస్తున్నా, ఇలా తిండి తిననివ్వరు, నీళ్ళు తాగనివ్వరు, వీళ్ళ మూలంగా నా జుట్టు నెరిసిందని ఇంట్లో విసుక్కునేది, నిన్న సాయంత్రం డైరెక్టరు అందరి ఫోన్లకూ మెసేజ్ పెట్టాడు, బాధ్యులు ఎవరో రేపు తేలుతుంది, తగిన చర్య ఉంటుంది అని, అంతే, అప్పటి నుంచీ ఒక్కడంటే ఒక్కడు ఫోన్ చెయ్యలేదు, హాలు దాటుతోంటే పాలిష్ చేసే ఆవిడ తల ఎత్తలేదు, కొలిమి దగ్గరతను నమస్కారం పెట్టబోయి పని ఉన్నట్టు అటు తిరిగాడు, నేను చాడీకోరునని వీళ్ళు అప్పుడే తేల్చేసుకున్నారు చూడు, ఈ పూట ఎవరైనా ఏదైనా నొక్కితే, నొక్కి నోరు మూసుకుంటే, ఎన్ని బీరువాలుండి ఏం లాభం, దొంగలు చేయలేని పని ఈ మహానుభావుడు ఒక్క మెసేజ్‌తో చేసిపెట్టాడు.

అప్పుడు మోగింది, ఉలిక్కిపడి చూస్తే తోటికోడలు, వెనక మెట్ల దగ్గర నుంచి కాబోలు గొంతు తగ్గించి, అక్కా, లోపలికి వెళ్ళావా, ఇంకా లేదు, అయితే విను, నా పేరు చెప్పేసెయ్, ఏమిటీ, నా పేరు చెప్పేసెయ్ అంటున్నా, ఇంట్లో మనిషి కాబట్టి దాస్తోందని రేపు తెలిస్తే నిన్నే అంటారు, సిఫారసు చేసి నువ్వే నన్ను చేర్చావని ఎలాగూ అనుకుంటున్నారు, నీ ఉద్యోగం పోతే అత్తయ్య నన్ను బతకనిస్తుందా, పైగా నా మూలాన పోయిందంటే జన్మంతా నీకు రుణపడి చావాలి, అది మాత్రం నా వల్ల కాదు, మాట తప్పావని నేను అననులే, నేనే వదిలేస్తున్నా కదా, చెప్పేసెయ్, అంది, ఆమెకు నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది, రెండూ ఒక్కసారే, ఎంత తేలిక, రెండు ముక్కలు చెప్పేస్తే కుర్చీ మిగులుతుంది, సొంత తోటికోడల్నే వదల్లేదు, ఎంత నిజాయితీ అని మెచ్చుకుంటారు కూడా, ఇంట్లో ఇన్నాళ్ళు పడ్డ మాటలకు లెక్క సరిపోతుంది, ఆ, ఆ ఆలోచన కూడా వచ్చింది, రాలేదని అబద్ధమెందుకు, తియ్యగానే ఉంది, అయినా నోరు మాత్రం వేరే మాట అంది, ఏమే, ఆ మాట నీకొక్కదానికే ఇచ్చానా, హాల్లో అందరికీ ఇచ్చాను, వదిలెయ్యడానికి నువ్వెవరివి, వాళ్ళందరూ వచ్చి వదిలెయ్యమంటే అప్పుడు చూద్దాం, పెట్టెయ్ ఫోను, అవతల నుంచి, నీ మొండితనం తగలెయ్య అని వినిపించి ఫోను ఆగిపోయింది.

డైరెక్టరు గదిలో చల్లగా ఉంది, బల్ల మీద కాగితాలు ఎగరకుండా ఎవరిదో ప్లాస్టరు దవడ, కూర్చోండి అన్నాడు, కూర్చోలేదు, చూడమ్మా, మీ పని మీద నాకు గౌరవం ఉంది, కానీ భాగస్తులు ఊరుకోవడం లేదు, ఎవరి వల్ల జరిగింది అని అడుగుతున్నారు, ఎవరో ఒకరిని చూపించకపోతే ఎలా, అడుసు తొక్కినవాళ్ళు కాలు కడుక్కోవాలి కదా, దొంగల వల్ల జరిగింది సార్ అంది, అది నాకూ తెలుసమ్మా, తలుపు తీసిందెవరు, తలుపు తీసినవాళ్ళే తలుపు వేయించారు సార్, తీసిన మరుక్షణం నాకు ఫోన్ చేశారు, అందుకే మీ మిషను మోగుతోంది, వినండి, పోయినసారి తీసినవాళ్ళు భయపడి చెప్పలేదు, ఏం జరిగిందో మీకు చెప్పే ఉంటారు, చెప్పారులే, కానీ శిక్ష లేకపోతే భయం ఎలా ఉంటుంది, భయం ఉంటే ఫోన్ ఎలా వస్తుంది సార్, నిన్న సాయంత్రం నుంచీ నాకు ఒక్క ఫోన్ రాలేదు, మీరు మెసేజ్ పెట్టినప్పటి నుంచీ, ఈ క్షణం హాల్లో ఎవరైనా ఏదైనా నొక్కి తెర ఆర్పేసి కూర్చుని ఉంటే మీకూ తెలియదు, నాకూ తెలియదు, ఆయన మొహం ఎర్రబడింది, అంటే నా వల్లే అంటారా, చాలమ్మా, కబుర్లొద్దు, కప్పిపుచ్చుతున్నారు మీరు, మీ మనుషులెవరో ఉన్నారు కాబట్టే కప్పిపుచ్చుతున్నారు, ఇంకొకరిదైతే ఈపాటికి చెప్పేసేవారు, అన్నాడు, అనేశాడు, ఆ మాట, ఆ మాట మాత్రం ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది, ఇంకొకరిదైతే చెప్పేసేదాన్నా, అరికాలి మంట నెత్తికెక్కింది, నాలిక చివరికి వచ్చేసింది, ఇంకొకరిది కూడా దాచాను నాయనా, నీదే దాచాను, పోయిన వేసవిలో ఇదే గది, ఇదే తలుపు గడియ వేసి, గుసగుసగా, మేడమ్, ఒక చిన్న పొరపాటు జరిగింది అన్నది ఎవరు, ఊడిన జుట్టు నెల రోజుల్లో మళ్ళీ మొలిపిస్తాం అన్న ప్రకటన నొక్కి, కంపెనీ పాస్‌వర్డు కొట్టి, చెమటలు కక్కుతూ కూర్చున్నది ఎవరు, చెప్పమంటావా భాగస్తులకు, చెప్పమంటావా హాల్లోకి వెళ్ళి, బోర్డు పెట్టించు, మొదటి ఫొటో ఎవరిదో నేను అంటిస్తాను, ఒక్క మాట, ఒకే ఒక్క మాట, జుట్టు అంటే చాలు, ఈ పెద్దమనిషి కుర్చీలోంచి కిందికి జారతాడు, అనాలని ప్రాణం కొట్టుకుపోతోంది, పళ్ళ బిగువున ఆపుకుంది, మాట అంటే మాటే, ఇష్టమైనవాళ్ళకు ఒకటి, ఒళ్ళు మండించినవాళ్ళకు ఒకటి ఉండదు, మింగేసింది, మింగి, ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ, సార్, నాకు ఫోన్ చేసినవాళ్ళ పేరు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఎవరి పేరూ, ఎవరికీ, అంది, అంతే అంది, గొంతు పెంచలేదు, తగ్గించలేదు, ఎవరి పేరూనా అన్నాడు ఆయన, ఎవరి పేరూ సార్, మా ఆయనకు కూడా చెప్పలేదు, ఆయన చెయ్యి ఆయనకు తెలియకుండానే నెత్తి మీదికి వెళ్ళి, అక్కడున్న నున్నటి మేర తడిమి, గభాలున కిందికి దిగిపోయింది, ఆ ప్లాస్టరు దవడను అటూ ఇటూ జరుపుతూ, మరి భాగస్తులకు ఏం చెప్పను అన్నాడు, మామూలు మనిషి గొంతుతో, ఆమెకు జాలేసింది కూడా, తాళాలావిడ చచ్చినా చెప్పనంది అనండి సార్, తప్పు నా మీద వేసెయ్యండి, కానీ ఆ మెసేజ్ మీరే వెనక్కి తీసుకోవాలి, మీ చేత్తో మీరే రాయాలి, రాస్తానులెండి, కానీ వాళ్ళు ఊరుకోకపోతే మాత్రం మీ కుర్చీకి నాది పూచీ కాదు, కుర్చీ మీది సార్, ఎప్పుడైనా తీసుకోండి, నోరు మాత్రం నాది.

బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది, ఉద్యోగం ఉందో ఊడిందో రేపటికి గానీ తెలియదు, ఊడితే ఊడింది, ఇంటికెళ్ళి ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకోవచ్చు, మంచినీళ్ళ కుళాయి దగ్గర తోటికోడలు సీసా పట్టుకుని నిలబడి ఉంది, సీసా నిండి నీళ్ళు కిందికి కారిపోతున్నాయి, చూసుకోవడం లేదు, చెప్పావా అంది, లేదు, ఆయన ఒప్పుకున్నాడా, ఒప్పుకోకేం చేస్తాడు, ఎలా, అది నీకు చెప్పను, ఆ, నీకన్నీ రహస్యాలే, గొప్ప మనిషివి, అని మూతి తిప్పి, కుళాయి కట్టేసి, సీసా తుడుచుకుని వెళ్ళిపోయింది, చల్లగా ఉండు అనలేదు, చేతులు పట్టుకోలేదు, ఒక మంచి మాట అనలేదు, రేపు మేడ మీద నుంచి మళ్ళీ ఏదో ఒకటి అంటుంది, ఇటు నుంచి తనూ అంటుంది, ఆమె ఆ వెళ్తున్న వీపు వైపే చూస్తూ నిలబడిపోయింది, దీనికి నేనంటే ఇష్టం లేదు, నిన్నా లేదు, ఇవాళా లేదు, అయినా నిన్న ఆ కంగారులో మొగుడికి ఫోన్ చెయ్యలేదు, అమ్మకు చెయ్యలేదు, నాకు చేసింది, తిడతానని కూడా అనుకోలేదు, ఆ డైరెక్టరూ అంతే, నన్ను చూస్తే ఆయనకు పడదు, అయినా ఆ రోజు గడియ వేసుకుని నాకే చెప్పుకున్నాడు, ఇన్నాళ్ళూ తను పిచ్చిది, అందరికీ తను నచ్చాలనీ, అక్కా అక్కా అని ప్రేమగా తిరగాలనీ, అలా తిరిగితేనే ఈ కంపెనీ భద్రంగా ఉంటుందనీ అనుకుంది, ప్రేమ లేకపోయినా పరవాలేదు, నేనంటే గిట్టనివాళ్ళు కూడా నాకు భయపడకుండా చెప్పగలిగితే చాలు, అంతకు మించిన తాళం నా దగ్గర లేదు, ఇంకెవరి దగ్గరా లేదు, రానీ ఏ దొంగవెధవ వస్తాడో.